పాత ప్రోగ్రాము, కొత్త ప్రాసెసరు

గుడివాడ నుండి ఒక శ్రోత మాకు నాలుగు పుటల ఉత్తరము వ్రాసినారు. ఆయనకు ఆ ఊర ఒక చిన్న అచ్చుకూటము కలదు. తండ్రిగారి కాలమున అది సీసపు అక్షరములతో నడచినది. ఈయన చేతికి వచ్చిన తరువాత, 1990 దశకములో, డీటీపీ సెంటరుగా మారినది. శుభలేఖలు, కరపత్రములు, బడుల ప్రశ్నపత్రములు మాత్రమే కాదు, చుట్టుప్రక్కల గ్రామముల పెద్దలు వ్రాసిన శతకములు, రెండు మూడు ఆలయముల స్థలపురాణములు కూడ ఆ కంప్యూటరులోనే కూర్చబడినవట. ఆ శతకకారులలో ఒకరు కీర్తిశేషులైనారు. ఆయన మనుమరాలు వచ్చి, తాతగారి పుస్తకమును మరల అచ్చు వేయింపవలెనని కోరినది. అచ్చుప్రతి ఒక్కటియు ఇంట మిగులలేదు. మిగిలినది కంప్యూటరులోని ప్రతియే.

చిక్కు ఇక్కడ వచ్చినది. పాత కంప్యూటరు తేదీ అడిగినప్పుడెల్ల 1980 జనవరి 1 అని చూపుచు, కొంతకాలమునకు పూర్తిగ మొరాయించినది. బాగుచేయువాడు చూచి, దీని పని ఐపోయినదని చెప్పెను. శ్రోతగారు కొత్తది కొన్నారు. ‘ప్రాసెసరు అదే వంశమునకు చెందినది, పాత ప్రోగ్రాములన్నియు నడచును’ అని అమ్మినవారు హామీ యిచ్చిరి. తీరా పాత ప్రోగ్రామును ఎక్కింపబోగా, ఇది ఈ యంత్రమునకు సరిపడదని తెర మీద వ్రాత వచ్చినది. ‘అయ్యా, అమ్మినవాడు నాతో అబద్ధమాడెనా, యంత్రము అబద్ధమాడుచున్నదా?’ అని ఆయన ప్రశ్న.

ఇద్దరును అబద్ధమాడలేదు. ఇది వివరించుటకు కొంచెము వెనుకనుండి రావలసి యున్నది.

రేడియో గల ఇండ్లవారికి ఈ విషయము నిజమునకు కొత్త కాదు. ఎఫ్.ఎం. ప్రసారములో స్టీరియో ప్రవేశపెట్టదలచినపుడు ఇంజనీర్ల ముందు ఒక చిక్కు నిలిచినది. కుడి చెవికి ఒక ధ్వని, ఎడమ చెవికి ఒక ధ్వని వేరువేరుగ పంపినచో, అంతకుముందు కొన్న ఒంటి స్పీకరు సెట్లు సగము సంగీతమునే వినిపించును. 1961లో అమెరికా ప్రభుత్వము ఆమోదించిన పద్ధతిలో దీనికి చక్కని ఉపాయము చేసిరి. రెండు ధ్వనుల మొత్తమును ఎప్పటి చోటనే ఉంచిరి. పాత సెట్టు దానినే అందుకొని సంపూర్ణ సంగీతమును వినిపించును. రెండింటి భేదమును మాత్రము 38 కిలోహెర్ట్‌జుల మీద, చెవికి అందనంత ఎత్తున, దాచిరి. అది అక్కడ ఉన్నదని తెలుపుటకు 19 కిలోహెర్ట్‌జుల వద్ద ఒక సన్నని గుర్తు స్వరమును చేర్చిరి. కొత్త సెట్టు ఆ గుర్తును పట్టి, మొత్తమును భేదమును కూడి ఒక చెవిని, తీసివేసి రెండవ చెవిని రాబట్టును. పాత సెట్టుకు ఆ రహస్యము తెలియనే తెలియదు. 1982లో మన దేశమున రంగుల టెలివిజను వచ్చినపుడును, ఉన్న నలుపు తెలుపు పెట్టెలలో బొమ్మ యథాప్రకారముగనే కనిపించినది. కొత్తది వచ్చుచు పాతదానిని త్రోసివేయకుండుట అనగా ఇదియే.

కంప్యూటరు విషయములో త్రోవ తలక్రిందులు. అక్కడ పాతది సెట్టు, కొత్తది ప్రసారము. ఇక్కడ పాతది పాట, కొత్తది సెట్టు.

ప్రాసెసరు అనునది కంప్యూటరునకు గుండెకాయ. దానికి తెలిసినవి సంఖ్యలే. ఒక్కొక్క సంఖ్య ఒక్కొక్క ఆజ్ఞ. 1978లో ఇంటెల్ సంస్థ వెలువరించిన 8086 అను ప్రాసెసరునందు 184 అను సంఖ్యకు, ‘దీని తరువాత వచ్చు విలువను నీ మొదటి గదిలో ఉంచుకొనుము’ అని అర్థము. 144 అనగా ‘ఏమియు చేయకుము, ముందుకు సాగుము’. ఇట్టి సంఖ్యలను వేలు లక్షలు వరుసగ పేర్చినదే ప్రోగ్రాము. కావున ఒక ప్రాసెసరు కొరకు వ్రాసిన ప్రోగ్రాము మరియొక ప్రాసెసరు మీద నడువవలెనన్నచో, ఆ రెండవది కూడ 184ను, 144ను అదే అర్థములో గ్రహింపవలెను. తెలుగు చదివినవానికి కన్నడ లిపి కొంత పోల్చుకొన వీలగును గాని, ప్రాసెసర్లకు అట్టి పోలిక పనికిరాదు. ఒక్క సంఖ్యకు అర్థము మారిననను ప్రోగ్రాము కూలిపోవును.

1964కు పూర్వము ఈ చింత అంతగా లేదు. ఏలననగా ఆశయే తక్కువ. కొత్త కంప్యూటరు కొన్నవారు తరచుగ ప్రోగ్రాములను మొదటినుండి వ్రాసికొనుచుండిరి. ఆ సంవత్సరము ఏప్రిలు 7వ తేదీన ఐ.బి.ఎం. సంస్థ సిస్టం 360 అను పేర, చిన్నది మొదలు పెద్దదానివరకు ఒకే ఆజ్ఞాభాషను మాటలాడు యంత్రముల కుటుంబమును ప్రకటించినది. తమ పాత 1401 యంత్రపు ప్రోగ్రాములను అనుకరించి నడుపు ఏర్పాటును కూడ కొన్ని నమూనాలలో అమర్చిరి. పాత ఖాతాదారు చేజారిపోకుండుటకే ఇది. మన తెలుగుగడ్డ మీద కూడ, హైదరాబాదునందు 1967లో వెలసిన ఇ.సి.ఐ.ఎల్. సంస్థ 1969లో టి.డి.సి. 12 అను కంప్యూటరును, అటు తరువాత టి.డి.సి. 316ను నిర్మించినది. ఆ వంశము నేటి బల్లమీది యంత్రములలో కొనసాగలేదు. కొనసాగినది ఇంటెల్ వంశము. 1981లో ఐ.బి.ఎం. తమ చిన్న కంప్యూటరునకు 8086 తమ్ముడైన 8088ను ఎన్నుకొనుటతో దానికి దశ తిరిగినది. 1982లో 80286, 1985లో 80386, 1989లో 486, 1993లో పెంటియం. ప్రతి తరమును వెనుకటి తరపు సంఖ్యలన్నిటికి పాత అర్థమునే నిలుపుకొనుచు, పైన కొత్త ఆజ్ఞలను చేర్చుకొనుచు వచ్చినది.

ఇందుకు ఎంతదూరము పోయిరో తెలుపుటకు ఒక ముచ్చట చెప్పక తప్పదు. 8086నకు జ్ఞాపకశక్తి యందలి చిరునామాలను పంపు తీగెలు ఇరువది. ఇరువది తీగెలతో 10,48,576 గదులను మాత్రమే పిలువవచ్చును. అంతకు మించిన చిరునామా చెప్పినచో గడియారపు ముల్లువలె తిరిగి సున్న దగ్గరకు వచ్చును. ఇది ఆ ప్రాసెసరు లోపమే యనుకొనుడు; కాని కొందరు ప్రోగ్రాము వ్రాయువారు ఈ లోపమునే ఆధారము చేసికొనిరి. 80286నకు తీగెలు ఇరువదినాలుగు. అది తిరిగి సున్నకు రాక ముందుకే పోవును. కావున ఆ ప్రోగ్రాములు చెడును. 1984లో ఐ.బి.ఎం. వారు ఏమి చేసిరనుకొన్నారు? ఇరువది యొకటవ తీగెకు ఒక తలుపు బిగించి, దానిని మూయుటకు తెరచుటకు మీటలబల్లను చూచుకొను చిన్న చిప్పులో ఖాళీగ నున్న ఒక కాలును వాడిరి. సున్ననుండి లెక్కించు అలవాటు చేత ఆ తీగెకు ఎ 20 అని పేరు. జ్ఞాపకశక్తికిని మీటలబల్లకును ఏమి సంబంధము? ఏమియు లేదు. కాలు ఖాళీగ నున్నది, అంతే. ఎవరో ఒకప్పుడు చేసిన అక్రమమును కాపాడుటకు పెట్టిన ఈ తలుపు ఇంచుమించు మూడు దశాబ్దములు ప్రాసెసర్లను వదలలేదు. నేటికిని ఈ వంశపు ప్రాసెసరు విద్యుత్తు తగిలిన మొదటి క్షణమున తాను 1978 నాటి 8086నే యన్నట్లు మేలుకొని, పిదప మెట్లెక్కి తన నిజస్వరూపమునకు వచ్చును.

డెల్టావాసులకు ఇది వింతగ తోపరాదు. కృష్ణపై 1855లో పూర్తియైన ఆనకట్టకు 1952లో గండి పడగా, 1957లో ప్రకాశం బరాజు దాని స్థానమున నిలిచినది. కట్టడము కొత్తది; కాని దానినుండి నీరు పారవలసినది పాత కాలువలకే. బందరు కాలువను, ఏలూరు కాలువను, రైవసు కాలువను పూడ్చి మరల త్రవ్వుదమని ఎవరును అనరు. చివరి పొలమువరకు బోదెలు, తూములు అన్నియు పాత నీటిమట్టమునకే అమరియున్నవి. కొత్త కట్టడము కట్టువాడు ఆ మట్టమునకు తలయొగ్గవలసినదే. ప్రాసెసరు చేయువానికి ప్రోగ్రాములే ఆ పాత కాలువలు.

కాలువలను లెక్కచేయనివారి గతి కూడ చూచినాము. 2001లో ఇంటెల్, హ్యూలెట్ పాకార్డు సంస్థలు కలసి ఇటానియం అను సరికొత్త ప్రాసెసరును తెచ్చినవి. దాని ఆజ్ఞాభాష పూర్తిగ వేరు. పాత ప్రోగ్రాములను నడుపకపోలేదు గాని, నత్తనడక నడిపినది. ఇంతలో పోటీ సంస్థయైన ఎ.ఎం.డి. 2003లో పాత భాషనే పెంచి 64 బిట్లకు విస్తరించిన ప్రాసెసరును విడుదల చేసినది. జనము దానివైపు మొగ్గిరి. మరుసటి సంవత్సరమే ఇంటెల్ కూడ అదే పద్ధతిని స్వీకరింపవలసి వచ్చెను. ఇటానియం సర్వరులలో ఒక మూలగ జీవించి 2021తో ముగిసినది. ఆపిల్ సంస్థ త్రోవ వేరు. వారు 1994లోను, 2006లోను, 2020లోను మూడుమార్లు ప్రాసెసరు వంశమునే మార్చి, ప్రతిసారియు పాత ప్రోగ్రాములకు ఒక దుబాసీని ఏర్పాటుచేసి, మొదటి రెండుమార్లు కొంతకాలము పిమ్మట ఆ దుబాసీని పంపివేసిరి. రేపటి దుబాసీ సంగతి ఎట్లుండునో రేపు చూడవలెను.

ఇప్పుడు మన శ్రోతగారి చిక్కు ముడి దగ్గరకు వచ్చినాము. ఎ.ఎం.డి. వారి విస్తరణలో ప్రాసెసరునకు రెండు ముఖములు కలవు. ఒకటి పాత ముఖము. అందులో 1978 నాటి ఆజ్ఞలు యథాతథముగ నడచును. రెండవది 64 బిట్ల ముఖము. ఇందులో కొన్ని సంఖ్యల అర్థమును మార్చక తప్పినది కాదు. 64 మొదలు 79 వరకు గల పదునారు సంఖ్యలు అంతకుముందు ‘ఒకటి కలుపుము, ఒకటి తీసివేయుము’ అను చిన్న ఆజ్ఞలు. కొత్త ముఖములో అవి ‘తరువాతి ఆజ్ఞను విస్తరించి చదువుము’ అను గుర్తులైనవి. 32 బిట్ల ప్రోగ్రాములు ఈ ముఖము క్రింద కూడ ఒక ప్రక్క గదిలో సుఖముగ నడచును. కాని 1985లో 80386తో వచ్చిన ఒక సదుపాయము, డాస్ ప్రోగ్రామునకు తాను ఒంటరి 8086 మీద నున్నట్లు భ్రమ కల్పించునది, ఈ ముఖము క్రింద లేదు. యంత్రము వెలిగిన కొన్ని క్షణములలోనే 64 బిట్ల విండోస్ ప్రాసెసరును రెండవ ముఖమునకు త్రిప్పివేయును. మరల ఆపువరకు వెనుకకు చూడదు. అంతేకాక, 64 బిట్ల విండోస్‌లో పదునారు బిట్ల ప్రోగ్రాములను నడుపు భాగమునే చేర్చలేదు. 32 బిట్ల విండోస్ పదవ కూర్పువరకు ఆ భాగము ఉండెను. 2021లో వచ్చిన విండోస్ 11నకు 32 బిట్ల రూపమే లేదు. విండోస్ 10నకు తయారీదారుల ఆదరువు 2025 అక్టోబరు 14తో నిలిచిపోయినది.

అనగా, ప్రాసెసరునకు పాత భాష తెలియును. నడుమ నున్న అధికారి ఆ భాషలో విన్నపమును స్వీకరింపడు. అమ్మినవారు చెప్పినది సత్యమే; అది సగము సత్యము.

ఇట్టి అనుభవము మన ఆంధ్రదేశపు ఇంజనీరింగు కళాశాలలకు చిరపరిచితము. బోర్లాండు సంస్థ 1987లో మొదటిసారి వెలువరించిన టర్బో సి మీద ఇక్కడ తరములకొలది విద్యార్థులు సి భాషలో ఓనమాలు దిద్దిరి. ఆ నీలిరంగు తెర ఎరుగని పట్టభద్రుడు అరుదు. అది పదునారు బిట్లది. 64 బిట్ల యంత్రములు ప్రయోగశాలలకు రాగానే అది నడువనన్నది. కొత్త సాధనము నేర్పుటకు బదులు, 2002లో మొదటిసారి వెలువడిన డాస్‌బాక్సు అను ప్రోగ్రామును తెచ్చి, అందులో టర్బో సిని కూర్చుండబెట్టిరి. డాస్‌బాక్సు ప్రాసెసరు పాత ముఖమును ప్రాధేయపడదు. తానే ఒక బొమ్మ ప్రాసెసరు వేషము కట్టి, ఒక్కొక్క ఆజ్ఞను చదివి అనుకరించును. ఇది కళాశాలల సోమరితనమని కొందరు పరిహసించిరి. మేము పూర్తిగ కాదనలేము. కాని పాఠ్యపుస్తకము, ప్రశ్నపత్రము, పరీక్షాధికారి అందరును పాత మట్టమునకే అమరియున్నప్పుడు ఒక్క ఉపాధ్యాయుడు ఏమి చేయగలడు?

పాతవానికి వేగము కూడ శత్రువే యగుట కలదు. బోర్లాండు వారి టర్బో పాస్కల్‌తో తయారైన కొన్ని ప్రోగ్రాములు, మొదలగునప్పుడు ప్రాసెసరు ఎంత వేగముగ లెక్కించునో కొలిచి, ఆ అంకెను 55తో భాగించుచుండెను. వేగము సుమారు 200 మెగాహెర్ట్‌జులు దాటగానే భాగఫలము దానికి కేటాయించిన గదిలో పట్టక, ప్రోగ్రాము లోపము సంఖ్య 200 అని చూపి పడిపోవుచుండెను. ఆజ్ఞల అర్థము ఇసుమంతయు మారలేదు; వేగమే కొంప ముంచినది. ఆ కాలపు పెట్టెల ముందు టర్బో అను మీట ఉండుట శ్రోతలలో కొందరికి గుర్తుండవచ్చును. పేరు వేగమును సూచించినను, దాని అసలు ప్రయోజనము అవసరమైనపుడు యంత్రమును మందగింపజేయుటయే.

ప్రాసెసరు సంగతి ఇంతటితో సరి. కాని మన శ్రోతగారికి అంతకంటె పెద్ద గండము వేరొకటి కలదు. దానిని ఏ ప్రాసెసరును తీర్చలేదు.

ఆనాటి తెలుగు డీటీపీలో అక్షరములకు సర్వసమ్మతమైన సంఖ్యలు వాడుకలో లేవు. 1991లోనే భారతీయ ప్రమాణమగు ఇస్కీ, అంతర్జాతీయ యూనికోడు రెండును ఏర్పడినవి గాని, విండోస్ తెలుగును నేరుగ గ్రహించుట 2001లో ఎక్స్‌పీతో, గౌతమి ఫాంటుతో మొదలైనది. అంతవరకు అను ఫాంట్ల వంటివి ఇంగ్లీషు అక్షరముల స్థానములలో తెలుగు అక్షరముల ముక్కలను ఉంచి పని జరిపినవి. తలకట్టు ఒకచోట, గుడి ఒకచోట, కొమ్ము ఒకచోట, వత్తులు మరియొకచోట. సీసపు అక్షరముల పెట్టెలో కంపోజిటరు అరలు ఏర్పరచుకొన్నట్లే ఇదియు. ఏ సంస్థ అరలు ఆ సంస్థవి. ఆ ఫాంటు లేకుండ ఫైలు తెరచినచో తాతగారి శతకము తెలుగుగ గాక ఇంగ్లీషు అక్షరములు, చుక్కలు, ఆశ్చర్యార్థకములు కలగలసిన గందరగోళముగ కనిపించును.

యూనికోడులో ‘గుడివాడ’ అను నాలుగక్షరముల మాటకు ఏడు సంకేతములు: గ, దాని కొమ్ము, డ, దాని గుడి, వ, దాని దీర్ఘము, మరల డ. ప్రపంచమందలి ఏ యంత్రములోనైనను ఈ ఏడింటికి అర్థము ఒక్కటే. తెలుగునకు కేటాయించిన 128 స్థానములలో ఇవి ఒకసారి కుదురుకొన్న తరువాత ఇక మారవని యూనికోడు సంస్థ నియమము. 184కు ప్రాసెసరులో దక్కిన స్థిరత్వమే ‘గ’కు ఇక్కడ దక్కినదన్నమాట. మా అభిప్రాయములో తెలుగు అచ్చునకు ఇది సీసము తరువాత జరిగిన అతి ముఖ్యమైన మార్పు.

కావున శ్రోతగారు చేయవలసిన పని వరుస చెప్పుచున్నాము. పాత యంత్రపు హార్డుడిస్కును విప్పి భద్రపరుపుడు. నలుబది సూదుల పాత డిస్కును యు.ఎస్.బి.కి తగిలించు చిన్న సాధనము బజారులో దొరకును. శతకపు ఫైలుతో పాటు ఫాంటు ఫైళ్ళను, ప్రోగ్రామును మరువక నకలు తీసికొనవలెను. ఫాంటు లేని ఫైలు తాళపుచెవి లేని పెట్టె. ఆ పిదప కొత్త యంత్రములో ఒక ఊహాయంత్రమును నెలకొల్పి, అందులో 32 బిట్ల పాత విండోస్‌ను ఎక్కించినచో, పదునారు బిట్ల ప్రోగ్రాము తనకు తెలిసిన లోకములో తాను మేలుకొనును. 2005 నుండి ప్రాసెసర్లలోనే ఇందుకు ప్రత్యేక సహాయము కలదు. ఆ ఊహాయంత్రమునకు ఇంటర్నెట్టు తగిలింపవద్దు. పాత విండోస్‌కు నేటి దొంగలను ఎదుర్కొను శక్తి లేదు. ప్రోగ్రాము తెరచుకొన్న వెంటనే ప్రతి పుస్తకమును పి.డి.ఎఫ్.గ దించుకొనవలెను. అందులో అక్షరరూపములు కూడ చేరిపోవును గనుక, మరల అచ్చు వేయుటకు అది చాలును. యూనికోడులోనికి మార్చు ప్రోగ్రాములు కూడ కలవు. వాని పని ముగిసిన తరువాత ఒక మనిషి కూర్చుండి వత్తులను, గుణింతములను అక్షరమక్షరము సరిచూడవలెను. శతకమైనచో యతిప్రాసలు తెలిసినవారైన మంచిది. తప్పులు వినగానే పట్టుబడును.

ఒక అడ్డంకి రావచ్చును. ఆనాటి కొన్ని తెలుగు ప్రోగ్రాములు ప్రింటరు తగిలించు ఇరువదియైదు రంధ్రముల ద్వారమునకు ఒక చిన్న తాళపు ముక్క బిగింపనిదే తెరచుకొనవు. ఆ ద్వారము కొత్త యంత్రములకు ఉండుట లేదు. యు.ఎస్.బి.కి మార్చు తీగెలు ప్రింటరునకు సరిపోవును గాని, ఈ తాళమునకు చాలసార్లు పనికిరావు. అట్టిచో పాత యంత్రమే శరణ్యము.

అందుచేత దానిని పాత సామానుల వానికి వేయకముందు ఒక్క పరీక్ష చేయవలసినదని శ్రోతగారిని కోరుచున్నాము. తేదీ 1980 జనవరి 1 అని చూపుట ఆయన ఉత్తరములో మాట వరుసకు వ్రాసిన సంగతి. మాకు మాత్రము అదియే ముఖ్యముగ తోచినది. మదరుబోర్డు మీద రూపాయి బిళ్ళంత బ్యాటరీ యొకటి ఉండును. దాని మీద చాల వరకు 2032 అని వ్రాసి యుండును. విద్యుత్తు లేనప్పుడు తేదీని, ఆ కాలపు యంత్రములలో హార్డుడిస్కు వివరములను కూడ, అదే గుర్తుంచును. అది చచ్చినచో యంత్రము తన డిస్కును తానే మరచి మొరాయించుట కలదు. గడియారముల దుకాణములో ఆ బిళ్ళ దొరకును. మార్చి, యంత్రమును వెలిగించి, మొదటి తెరలో డిస్కు వివరములను మరల నింపి చూడవలెను. వెలిగినచో ఆ రోజుననే, ఆపకుండ, శతకముతో మొదలు పెట్టవలెను.